పూజలో పెట్టిన చెయ్యి

ఒంగోలు బస్టాండు వెనక సందులో అంకమ్మరావు ఫ్లెక్సీ షాపు ఉంది. అందులో పెద్ద ప్రింటింగు మిషను కాస్త గురకపెట్టిందంటే చాలు, సాయంత్రానికల్లా విజయవాడ నుంచి మెకానిక్కు దిగుతాడు. దానికి ఏసీ గది ఉంది. దుమ్ము పడకుండా ముసుగు ఉంది. దిష్టి తగలకుండా నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ గుచ్చిన దండ ఉంది. ఎండాకాలంలో కరెంటు పోతే అంకమ్మరావు ముందు దాని ఒంటి మీద చెయ్యి వేసి చూసి, ఆ తర్వాతే తన మొహాన పట్టిన చెమట తుడుచుకుంటాడు. ఆ మిషనుకి రోజూ మేత వేసేది నాగజ్యోతి. ఆ పిల్ల కుడిచేతి వేళ్ళు మూడు మొద్దుబారిపోయి ఏడాది కావస్తోంది. ఏమైందమ్మా అని షాపులో అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

నాగజ్యోతి పని తలకాయలు కత్తిరించడం. నవ్వులాట కాదు, నిజంగా అదే పని. పుట్టినరోజులకీ, ఊరేగింపులకీ, చావులకీ ఫ్లెక్సీ కట్టని ఊరు ఈ జిల్లాలో ఇప్పుడు లేదు కదా. ఫ్లెక్సీ మధ్యలో పెద్దాయన నిలువెత్తు బొమ్మ ఉంటుంది. ఆయన చుట్టూ శ్రేయోభిలాషుల తలకాయలు, ఒక్కోటీ ఒక్కో గుండ్రంలో. ఆ ఫోటోలన్నీ వాట్సాప్‌లో వస్తాయి. ఒకడు బైకు మీద, ఒకడు తిరుపతి గుండుతో, ఒకడు పెళ్ళాం భుజమ్మీద చెయ్యేసి దిగినవి. వాటిలోంచి తల ఒక్కటీ విడదీయాలంటే మౌసు పట్టుకుని చెవి చుట్టూ, మీసం చుట్టూ, జుట్టు అంచు వెంబడీ చుక్క చుక్కా నొక్కుకుంటూ పోవాలి. తర్వాత మొహం తెల్లబరచాలి, జుట్టు నల్లబరచాలి, గడ్డం కింద వేలాడే తోలు తీసెయ్యాలి. అంతా అయ్యాక మళ్ళీ ఫోను వస్తుంది. పక్కూరాయన తలకంటే మా మామయ్య తల చిన్నదైందమ్మా, కాస్త పెంచు అని. ఒకడిది పెంచితే ఇంకొకడికి కోపం. ఇంకొకడిదీ పెంచితే మొదటివాడికి కోపం. వాళ్ళ పౌరుషాలన్నీ ఆ పిల్ల మణికట్టు మీద తేల్చుకునేవాళ్ళు.

ఇక అక్షరాల సంగతి. షాపులో వాడే తెలుగు టైపింగు పాతకాలందే. ఒక్క ఒత్తు పడాలంటే చిటికెన వేలు ఒక కీ మీద నొక్కిపట్టి, మిగతా వేళ్ళు సాగదీసి ఇంకో రెండు కొట్టాలి. ‘ప్రియతమ నాయకులు’ అని కొట్టీ కొట్టీ ఆ మాటంటేనే నాగజ్యోతికి డోకు వచ్చేది. నిజం చెప్పొద్దూ, ఎవరికైనా వస్తుంది.

మొదట్లో చెయ్యి చీమలు పాకినట్టు ఉండేది. తర్వాత మణికట్టు నుంచి మోచేతి దాకా లాగడం మొదలైంది. దులుపుకుంటే పోయేది. కొన్నాళ్ళకి దులిపినా పోలేదు. స్టీలు గ్లాసు చేతిలోంచి జారిపోయేది. అత్తగారు సుబ్బరావమ్మ ముసాంబ్రం ఉడికించి పట్టువేసింది. కంపు తప్ప గుణం కనబడలేదు. చుట్టుపక్కల ఆడవాళ్ళు చూడ్డానికి వచ్చి, చూసి, మూతి తిప్పుకుని పోయారు. ఫ్యాను కింద కూర్చుని చేసే పనికి నొప్పులేమిటి, మేం మిరపకోతలకి వెళ్ళి నడుములు విరిగినా ఇట్లా చెప్పుకోలేదు అన్నారు. చేతికి కట్టు కట్టుకుంటే సోకన్నారు, కట్టు తీసేస్తే చూశారా తగ్గిపోయింది అన్నారు. భర్త రామాంజనేయులు కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీ బస్తాలు మోయించే మేస్త్రీ. మంచివాడే గాని, బరువు మోస్తేనే ఒళ్ళు నొప్పి పుడుతుందని అతని నమ్మకం. మౌసు ఎంత బరువుంటుందే అని ఒకసారి నిజంగానే అడిగాడు.

ఆమె నొప్పి మీద అతనికి నమ్మకం కుదిరింది ఒక ఆదివారం నాడు.

ఆ రోజు నాగజ్యోతి రోట్లో పండుమిరపకాయలూ ఉప్పూ చింతపండూ వేసి తొక్కి, చేత్తో ఎత్తి జాడీలో పెట్టింది. చేతులు కడుక్కుంది. వీధిలో ఆడుకుంటున్న కూతురు రాగసుధ కంట్లో నలుసు పడిందని ఏడుస్తూ వచ్చింది. తల్లి ఒళ్ళో పడుకోబెట్టుకుని, కుడిచేత్తో రెప్ప విప్పి, వేలికొనతో ఆ నలుసు తీసింది. పిల్ల పెట్టిన కేకకి వీధి వీధంతా లేచివచ్చింది.

ఈ నేల మీద పుట్టిన ఏ ఆడదీ కారం తొక్కిన చేతిని పిల్ల కంటి దాకా తీసుకెళ్ళదు. ఎన్నిసార్లు కడుక్కున్నా ఆ కారం వేళ్ళను వదలదు. వేళ్ళు భగ్గున మండుతూనే ఉంటాయి, ఆ మంటే జాగ్రత్త చెబుతుంది. నాగజ్యోతి వేళ్ళు ఏమీ చెప్పలేదు. చల్లగా, హాయిగా, ఎవరివో వేళ్ళలా ఉన్నాయి. పిల్ల కన్ను వాచి మూసుకుపోయింది. కన్నుకి ప్రమాదం లేదన్నారు గాని, ఆ తర్వాత కొన్నాళ్ళు తల్లి కుడిచెయ్యి దగ్గరికొస్తే రాగసుధ మొహం పక్కకి తిప్పుకునేది. అన్నం కూడా నాయనమ్మ చేత్తో తినేది.

నాగజ్యోతికి తన చెయ్యి మీద తనకే రోత పుట్టింది.

నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆయన వేళ్ళ మీద గుండుసూదితో పొడిచి, తెలుస్తోందా అని అడిగాడు. తెలియలేదు. మణికట్టు దగ్గర నరం నలిగిపోతోందన్నాడు. కంప్యూటరు మీద పొద్దస్తమానం ఒకే తీరున చెయ్యి ఆడించేవాళ్ళకి వచ్చేదే ఇదన్నాడు. బొటనవేలి మొదట్లో కండ అప్పుడే కరగడం మొదలైందని రామాంజనేయులికి చూపించాడు. నెల్లాళ్ళు మౌసు ముట్టుకోకూడదు. ముట్టుకుంటూ పోతే కొయ్యాల్సి వస్తుంది, కోసినా స్పర్శ తిరిగొస్తుందని తాను మాటివ్వలేనన్నాడు. ఇంటికొచ్చాక రామాంజనేయులు, నువ్వు మానెయ్ అన్నాడు.

మానెయ్యడానికి నాగజ్యోతికి మనసొప్పలేదు. తెలిసిన పని అదొక్కటే. మానేస్తే చెయ్యి బాగయ్యాక ఎవరు రమ్మంటారు. అందుకని నెల సెలవు అడిగింది.

అంకమ్మరావు కాదనే మనిషి కాదు. ఎవరికీ ఏదీ కాదనడు, అదే అతని గొప్ప. అయ్యో అట్లాగే అమ్మా, చవితి పందిళ్ళ ఆర్డర్లు అయిపోనీ అన్నాడు. చవితి అయింది. నిమజ్జనం అయిపోనీ అన్నాడు. నిమజ్జనం అయింది. నవమినాడు ఆయుధపూజ, ఆ రోజు ఎట్లాగూ మిషన్లు ముట్టుకోం గదా, పూజ కళ్ళకద్దుకుని అటునుంచటే ఇంటికి వెళ్ళిపో, నెలరోజుల దాకా నా కంటబడకు అన్నాడు. అని ఊరుకోకుండా, మా అమ్మ జీవితమంతా పత్తి తీసింది తల్లీ, మణికట్టు అనే మాట ఆవిడ నోట వినెరగను అని కూడా అన్నాడు. ఆవిడ నోట ఇంకేమేం మాటలు వచ్చేవో ఇతను ఏనాడైనా దగ్గర కూర్చుని విన్నాడా అని నాగజ్యోతికి అడగాలనిపించింది. అడగలేదు. నవమి కోసం పంటిబిగువున పనిచేసింది.

ఆయుధపూజ ఆచారం అందరికీ తెలిసిందే. ఎవరి పనిముట్లు వాళ్ళు కడిగి, తుడిచి, బొట్లు పెట్టి పూజలో పెడతారు. పూజలో పెట్టిన వస్తువుని మర్నాడు పొద్దున్న స్నానం చేసి దణ్ణం పెట్టుకుని కదిపేదాకా ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఆ వస్తువుకి అరిష్టం, దాని మీద బతికేవాడికీ అరిష్టం. అంకమ్మరావుకి ఈ విషయంలో ప్రాణభయం. ఒక ఏడు పూజలో పెట్టిన బండి తీశాడని వాళ్ళ బాబాయికి కాలు విరిగిన కథ వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు.

భయం ఉన్నచోట తెలివి కూడా ఉంటుంది. షాపు మెట్ల కింద ఒక పాత కంప్యూటరు ఉంది. నవమినాడు దాని మీద చిరిగిన ఫ్లెక్సీ ఒకటి కప్పి, గోడవైపు తిప్పి పెడతాడు. అది పూజలో ఉండదు. పూజలో లేనిదానికి బొట్టు లేదు, బొట్టు లేనిదాన్ని ముడితే దోషం లేదు. అర్జెంటు పని వస్తే దాని మీద డిజైను చేయించి, చీరాలలో తోడల్లుడి ప్రెస్సుకి పంపి అచ్చువేయిస్తాడు. తోడల్లుడు దశమినాడు పూజ చేసుకుంటాడు. దశమినాడు అతని పని ఇక్కడికి వస్తుంది. ఇద్దరూ అట్లా అమ్మవారిని రెండు రోజులకి పంచుకున్నారు.

నవమి పొద్దున్న నాగజ్యోతి తలంటుకుని వచ్చింది. మిషన్లన్నీ తళతళలాడుతున్నాయి. పెద్ద మిషనుకి పట్టుపంచె చుట్టి బంతిపూల దండ వేశారు. దాన్ని నడిపే ఆదాం, తన పండగ కాకపోయినా దాని చక్రాలన్నీ తుడిచి ఒక మూల నిలబడ్డాడు. కిందపరిచిన కొత్త గుడ్డ మీద కీబోర్డులు, మౌసులు, కత్తెరలు, ఫ్లెక్సీకి రింగులు కొట్టే పరికరం, ఆఖరికి స్టాప్లరు కూడా వరసగా పేర్చి ఉన్నాయి. పురోహితుడు లక్ష్మీనరసింహంగారు హడావిడిగా ఉన్నారు. ఆయనకి ఇంకా చాలా షాపులున్నాయి.

గోత్రనామాలు చెబుతుండగా అంకమ్మరావు ఫోను మోగింది. అతను కళ్ళు మూసుకునే మాట్లాడాడు. తెరిచేసరికి మొహంలో దుఃఖమూ ఉంది, దాని వెనకే ఇంకొకటీ ఉంది. కొత్తపట్నం వైపు పేరుమోసిన రొయ్యల చెరువుల ఆసామి బుల్లయ్య పోయాడట. సాయంత్రం శవం ఊరికి వచ్చేలోగా దారి పొడుగునా అశ్రునివాళి ఫ్లెక్సీలు కట్టాలట. తలకాయలు వాట్సాప్‌లో వచ్చేస్తున్నాయి, టింగు టింగుమంటూ. పోయినాయనది ఒకటే తల. బతికున్నవాళ్ళవి లెక్కలేనన్ని, అన్నీ నవ్వుతున్నవే.

అంకమ్మరావు దణ్ణం పెట్టిన చేతులు దించకుండానే కళ్ళతో నాగజ్యోతికి మెట్ల కిందకి సైగ చేశాడు.

ఆ సైగ ఏమిటో నాగజ్యోతికి తెలుసు. మాట ఇచ్చిన రోజు ఇదే. ఇచ్చిన నోటితో ఇప్పుడు అష్టోత్తరం చదువుతున్నాడు. ఈ రోజు కూర్చుంటే రేపు దశమి, తోడల్లుడి పని. తర్వాత దీపావళి బాణాసంచా కొట్లు, ఆ తర్వాత కార్తీకంలో పెళ్ళిళ్ళు. మనుషులు పుట్టడం మానరు, చావడం మానరు. ఈ లోపల ఆ మూడు వేళ్ళూ పూర్తిగా పోతాయి. పిల్ల మొహం ఇక అటే తిరిగిపోతుంది.

లక్ష్మీనరసింహంగారు వరసలో ఏది ఉంటే దానికి గంధం పూసి, కుంకుమ అద్ది, అక్షింతలు వేసుకుంటూ వస్తున్నారు. నాగజ్యోతి ఎడమచేత్తో మణికట్టు పట్టీ ఊడదీసింది. ముందుకు వచ్చి గుడ్డ మీద మోకాళ్ళూని, తన కీబోర్డుకీ కత్తెరకీ మధ్య ఉన్న ఖాళీలో కుడిచెయ్యి బోర్లా పెట్టింది.

పంతులుగారు గంధం వేలితో ఆగి తలెత్తి చూశారు. ఏమిటమ్మా ఇది అన్నారు.

"ఇదీ పనిముట్టేనండి. దీంతోనే పని చేస్తాను."

ఆయనకి ముచ్చటేసింది. పనినే దైవమనుకునేవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారమ్మా అని, మిగతావాటికంటే కాస్త ఎక్కువ గంధమే పూశారు. కుంకుమ బొట్టు పెట్టారు. ఒక బంతిరేకు కూడా పడింది. చల్లటి గంధం చేతి వెనక భాగానికి తెలిసింది, వేళ్ళకి తెలియలేదు. అంకమ్మరావుకి ఏదో తేడాగా అనిపించింది గాని, హారతి వెలిగాక నోరెత్తడం మర్యాద కాదు. గంట మోగింది. అందరూ కళ్ళకద్దుకున్నారు.

హారతి పళ్ళెం దించీదించగానే అంకమ్మరావు, అమ్మా జ్యోతీ, ఫోటోలు అన్నీ వచ్చేశాయి, త్వరగా కూర్చో అన్నాడు.

"చెయ్యి పూజలో ఉంది సార్," అంది నాగజ్యోతి. "రేపు పొద్దుటిదాకా కదపకూడదు కదా."

అంకమ్మరావు నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి ఆపాడు. చేతి మీద కుంకుమ చూశాడు. ఆ బొట్టుకేసి చూస్తున్నప్పుడు అతని మొహంలో నిజంగానే భయం మెదిలింది. ఏడాదిగా ఆ చేతిని కళ్ళెదురుగా చూస్తూ ఎరగనిది, చిటికెడు కుంకుమ పడేసరికి కనబడింది. నాగజ్యోతి ఒక్క క్షణం, పోనీలే, మనిషే అనుకుంది. తొందరపడింది.

అతను ఆమె రెండో చేతిని చూశాడు.

"ఎడం చేతికి బొట్టు పెట్టలేదుగా అమ్మా," అన్నాడు. "మౌసు ఎడంవైపు పెట్టిస్తా. కాస్త నిదానమైనా పర్లేదు."

ఎంత మెత్తగా అన్నాడంటే, ఏదో ఉపకారం చేస్తున్నవాడిలా అన్నాడు. మూలన ఆదాం తల దించుకున్నాడు. నాగజ్యోతికి ఒళ్ళంతా జెర్రి పాకినట్టయింది. కసాయివాడు నయం, కోస్తానని చెప్పే కోస్తాడు. ఇతను ఒక చెయ్యి పాడైపోతే రెండోది ఉందిగా అని లెక్క చూసుకుంటున్నాడు. ఆమె ఎడమచెయ్యి కూడా గుడ్డ మీద పెట్టి, దీనికి కూడా పెట్టండి పంతులుగారూ అంది.

లక్ష్మీనరసింహంగారు అంకమ్మరావు మొహంలోకి చూశారు. సంభావన ఇంకా ఆయన చేతిలో పడలేదు. ఎడమచెయ్యి పూజకి పనికిరాదమ్మా, శాస్త్రం ఒప్పదు అన్నారు.

అంకమ్మరావుకి అప్పుడు ఇంకా మంచి ఆలోచన వచ్చింది. పంతులుగారిని పక్కకి పిలిచే తీరిక కూడా లేక, అందరి ముందే అడిగాడు. పూజలో పెట్టినదాన్ని తప్పనిసరై కదపాల్సి వస్తే దోషం తగలకుండా మంత్రం ఏదైనా ఉందా అని. పంతులుగారు గొంతు సవరించుకున్నారు. లేకేం, ప్రాయశ్చిత్తం లేని దోషం ఉంటుందా, కలశంలో నీళ్ళు ఉద్ధరిణితో మూడుసార్లు చల్లి అపరాధ క్షమాపణ చెప్పుకుంటే సరిపోతుంది, ఏ వస్తువుకైనా అదే అన్నారు. అని అప్పుడే ఉద్ధరిణి నీళ్ళలో ముంచారు.

నాగజ్యోతి ఆ ఉద్ధరిణి చూసింది. మెట్ల కింద చిరిగిన ఫ్లెక్సీ ముసుగు చూసింది. ఇన్నేళ్ళుగా ఆ ముసుగు కంప్యూటరు దాచడం, చీరాలకి పంపడం, తోడల్లుడితో రోజులు పంచుకోవడం, ఇదంతా ఎందుకు. మూడు చుక్కల నీళ్ళతో పోయే దోషానికి ఇంత యాతన ఎందుకు పడ్డాడు. ఈ మంత్రం ఉందా అని ఏనాడూ ఎందుకు అడగలేదు. మిషను విషయంలో అంత సాహసం చెయ్యడానికి అతనికి గుండె చాల్లేదు. ఆమె చేతి విషయంలో మాత్రం చాలింది.

ఆమె చెయ్యి వెనక్కి లాక్కుని లేచి నిలబడింది. కోపం దాటిపోయింది, మిగిలింది అసహ్యమే.

"ఆ నీళ్ళేవో మీ మిషను మీద చల్లించండి సార్. ఏ వస్తువుకైనా అదే అన్నారుగా. బుల్లయ్యగారి ఫ్లెక్సీలు ఇక్కడే అచ్చువేసుకోవచ్చు."

పంతులుగారు చేతిలో నీళ్ళతో, అదీ నిజమే సుమా అన్నట్టు ఒకడుగు మిషనువైపు తిరిగారు.

అంకమ్మరావు ఎంత వేగంగా కదిలాడంటే, బొజ్జ ఉన్న మనిషి అంత వేగంగా కదలగలడని అక్కడెవరికీ తెలియదు. పట్టుపంచె చుట్టిన మిషనుకి అడ్డంగా వెళ్ళి, వీపు దానికి ఆనించి, రెండు చేతులూ బార్లా చాచి నిలబడ్డాడు. పసిపిల్ల మీదికి ఏదో వస్తే అడ్డుపడ్డ తండ్రిలా నిలబడ్డాడు. "వద్దు పంతులుగారూ," అన్నాడు. "వద్దండీ. దానికేమన్నా అయితే నేను తట్టుకోలేను."

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దొంగ కన్నీళ్ళు కావవి.

టింగుమని ఇంకో తలకాయ వచ్చింది. ఆదాం వెళ్ళి నాగజ్యోతి సంచి తెచ్చి ఆమె ఎడమభుజానికి తగిలించాడు. ఆమె అంకమ్మరావు చాచిన ఆ రెండు చేతులకేసి ఒకసారి చూసి, చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయింది.